కవర్ బదులు డబ్బా: ఇంటి చెత్త తగ్గించే సామాను మన సజ్జ మీదే ఉంది

మల్యాలలో గానీ, చుట్టుపక్కల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో గానీ ఒక మామూలు ఇంటికి పొద్దున్నుంచి రాత్రి దాకా ఎన్ని ప్లాస్టిక్ కవర్లు వస్తాయో ఒకసారి లెక్క పెట్టి చూడండి. పాల ప్యాకెట్ ఒకటి, కూరగాయలకు ఒకటి, మటనో చికెనో తెస్తే నల్ల కవర్ ఒకటి, హోటల్ నుంచి చాయ్ పార్సిల్ తెస్తే ఇంకొకటి. రోజుకు నాలుగే అనుకున్నా ఏడాదికి 1,460 కవర్లు. దుకాణం నుంచి ఇంటి దాకా వస్తే చాలు, వాటి పని అయిపోతుంది.

అదే ఇంట్లో సజ్జ మీదికి చూస్తే ఇంకో లెక్క కనబడుతుంది. పెళ్లిలో జహేజ్ కింద వచ్చిన స్టీల్ టిఫిన్లు, మూత డబ్బాలు, గంజులు పాత పేపర్లలో చుట్టి ఏళ్ల తరబడి అట్లనే ఉంటాయి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు తెచ్చిన ఫ్లాస్కులు షోకేస్‌లో నిలబడి ఉంటాయి. చెత్త తగ్గించాలంటే కొత్తగా ఏమీ కొనాల్సిన పని లేదు. ఈ సామానును కిందికి దించి, దుకాణం దాకా తీసుకెళ్లి, తిరిగి తెచ్చుకోవడమే అసలు పని. అది ఎట్లా చేయాలి, ఎక్కడ ఇబ్బంది వస్తుంది, చట్టం ఏం చెబుతోంది అన్న వివరాలు ఇక్కడ ఉన్నాయి.

మన ఇళ్లకు ఇది కొత్త పద్ధతి కాదు

గిన్నెల దుకాణంలో సామాను కొనేటప్పుడు దాని మీద ఇంటివాళ్ల పేరు, తారీఖు చెక్కించడం మన దగ్గర పాత అలవాటు. గిన్నె ఇల్లు దాటి వెళ్తుందని, మళ్లీ తిరిగి రావాలని ముందే తెలుసు కాబట్టి పేరు చెక్కించేవాళ్లు. పండుగకు షీర్ ఖుర్మా పక్కింటికి గిన్నెలోనే వెళ్లేది. పక్కింటివాళ్లు ఆ గిన్నెను ఖాళీగా పంపకుండా ఏదో ఒకటి పెట్టి పంపేవాళ్లు. పాలకు లోటా, నూనెకు సీసా, అంగడికి గుడ్డ సంచి ఇంటి నుంచే వెళ్లేవి.

ఇదే పద్ధతి మీద ముంబైలో డబ్బావాలాల పని 1890 నుంచి నడుస్తోంది. ఇంటి దగ్గర నింపిన టిఫిన్ ఆఫీసుకు వెళ్తుంది, ఖాళీ అయ్యాక అదే రోజు అదే ఇంటికి తిరిగి వస్తుంది. డబ్బా మీద ఉన్న గుర్తును బట్టే అది ఏ ఇంటిదో, ఎక్కడికి పోవాలో తెలుస్తుంది. మన గిన్నెల మీద చెక్కిన పేరు చేసే పని కూడా ఇదే.

కవర్ వచ్చాక తిరిగి ఇచ్చే పని లేకుండా పోయింది. ఆ సౌకర్యమే చెత్త రూపంలో ఇంటి వెనక పేరుకుంటోంది.

ఇల్లు దాటిన కవర్ ఎక్కడికి పోతుంది?

2019 సెప్టెంబర్ 6న మొదలైన పల్లె ప్రగతి తర్వాత తెలంగాణ గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చాయి, డంపింగ్ యార్డులు, చెత్త వేరు చేసే షెడ్లు కట్టారు. ఇంటింటి నుంచి చెత్త తీసుకెళ్లడం అలవాటైంది. అయితే ట్రాక్టర్ ఎక్కిన ప్రతి వస్తువూ మళ్లీ వాడకంలోకి రాదు. నీళ్ల బాటిళ్లు, అట్ట డబ్బాలు, ఇనుము లాంటివాటికి పాత సామాను కొనేవాళ్ల దగ్గర ధర ఉంటుంది. మాంసం రక్తం, కూర నూనె అంటిన పలుచటి కవర్‌ను ఎవరూ కొనరు. దాన్ని కడిగి, ఆరబెట్టి, తూకానికి సరిపడా పోగేయడానికి అయ్యే శ్రమకు కూడా ధర రాదు.

అట్లాంటి కవర్లకు మిగిలేవి మూడు దారులు. కొన్ని మోరీలో పడి వానాకాలంలో నీళ్లను ఆపుతాయి, అక్కడ దోమలు పెరుగుతాయి. కొన్నిటిని లోపలున్న మెతుకుల కోసం బర్రెలు, ఆవులు, మేకలు తింటాయి. అవి కడుపులో అరగవు. ఇక మిగిలినవాటిని గల్లీ మూలలో పెట్టి కాలుస్తారు. ప్లాస్టిక్ పొగలో ఆరోగ్యానికి హాని చేసే విషవాయువులు ఉంటాయి. పీవీసీ లాంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లు పుడతాయి. ఆ పొగ ముందుగా చేరేది దగ్గరి ఇళ్లలో ఉండే చిన్నపిల్లలకు, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లకే. చెత్తను బహిరంగంగా కాల్చవద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లోనే ఆదేశించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని చెప్పింది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల ప్రకారం 2020-21లో దేశంలో 41 లక్షల టన్నులకు పైగా ప్లాస్టిక్ చెత్త వచ్చింది. ఇంత పెద్ద అంకెలో మన ఇంటి వంతు చాలా చిన్నది. కానీ మన మోరీలో అడ్డం పడేది, మన గల్లీలో పొగ పెట్టేది మాత్రం మన ఇళ్ల నుంచి వెళ్లిన కవరే.

చట్టం ఏం చెబుతోంది?

కేంద్రం 2021 ఆగస్టు 12న ప్లాస్టిక్ చెత్త నిబంధనలను సవరించింది. అందులో ఇళ్లకు, చిన్న దుకాణాలకు సంబంధించినవి ఇవి:

- ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు, ట్రేలపై 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది. స్వీట్ బాక్సుల మీద, శుభలేఖల మీద చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్ కూడా ఆ జాబితాలోనే ఉంది.
- చేతి కవర్ల మందం 2021 సెప్టెంబర్ 30 నుంచి కనీసం 75 మైక్రాన్లు, 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలి. అంతకన్నా పలుచటివి అమ్మకూడదు, ఇవ్వకూడదు.
- 2019 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆహార ప్యాకింగ్ నిబంధనల ప్రకారం న్యూస్ పేపర్లో తినే వస్తువులు చుట్టకూడదు. వేడి మిర్చి బజ్జీ పేపర్లో పెడితే సిరా నూనెతో కలిసి కడుపులోకి పోతుంది.

ప్లాస్టిక్ గ్లాసు మీద నిషేధం వచ్చాక చాయ్ దుకాణాల్లో పేపర్ కప్పుల వాడకం పెరిగింది. చాలామంది అది ఉత్త కాగితమే అనుకుంటారు. కాగితంలో చాయ్ పోస్తే నానిపోతుంది కాబట్టి లోపల పలుచటి ప్లాస్టిక్ పొర వేస్తారు. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో దీన్ని పరీక్షించారు. 85 నుంచి 90 డిగ్రీల వేడి ఉన్న 100 మిల్లీలీటర్ల నీళ్లు పేపర్ కప్పులో 15 నిమిషాలు ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో కలుస్తాయని తేల్చారు. చాయ్‌కి స్టీల్ గ్లాసు, గాజు గ్లాసు, పింగాణీ కప్పు ఎందుకు మంచివో చెప్పడానికి ఇది చాలు.

ఏ సరుకుకు ఏ డబ్బా

పాలు: ఊళ్లో బర్రెలున్నవాళ్ల దగ్గర విడిగా పోయించుకునే వీలుంటే మూత ఉన్న స్టీల్ క్యాన్ చాలు. ఇంటికి రాగానే కాచాలి. ప్యాకెట్ పాలు తప్పవంటే కత్తిరించేటప్పుడు మూలను పూర్తిగా తెంపొద్దు, కొంచెం అంటుకొని ఉండేలా కోయాలి. తెగిపడిన చిన్న ముక్కను ఎవరూ ఏరలేరు. ఖాళీ ప్యాకెట్‌ను కడిగి, ఆరబెట్టి, పోగు చేస్తే పాత సామానువాళ్లు తీసుకుంటారు.

మాంసం, చేపలు: ఒక గట్టి మూత స్టీల్ డబ్బాను దీనికే కేటాయించాలి. వండిన కూరకు, అన్నానికి దాన్ని వాడొద్దు. కిలో మాంసం పట్టే డబ్బా అయితే చాలా ఇళ్లకు సరిపోతుంది.

కూరగాయలు, పండ్లు: రెండు గుడ్డ సంచులు ఉంటే చాలు. ఒకటి ఆలుగడ్డ, ఉల్లిగడ్డ లాంటి బరువైనవాటికి, ఇంకొకటి టమాట, ఆకుకూరలకు. పాత చద్దరు, పాత చీర, పైజామా గుడ్డతో దర్జీ దగ్గర కుట్టించుకోవచ్చు. మగ్గాల మీద అంత బట్ట నేసే సిరిసిల్ల పక్కనే ఉండి టమాటలకు ప్లాస్టిక్ కవర్ అడగడం బాగుండదు.

కిరాణా: పప్పులు, చక్కెర, ఉప్మా రవ్వ విడిగా తూచి ఇచ్చే దుకాణంలో డబ్బాలు ఇచ్చి నింపించుకోవచ్చు. నూనెకు పాత క్యాన్‌ను మాత్రం తడి లేకుండా ఆరబెట్టాకే తీసుకెళ్లాలి.

చాయ్, కూర పార్సిల్: చాయ్‌కి ఫ్లాస్క్, కూరకు రెండు గిన్నెల టిఫిన్. మరిగే చాయ్‌ని పలుచటి కవర్లో పోసి రబ్బరు బ్యాండ్ వేసి తేవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. వేడికి ప్లాస్టిక్‌లోని రసాయనాలు తాగేదాంట్లోకి దిగుతాయి.

నీళ్లు: పిల్లల బడికి, బస్సు ప్రయాణానికి స్టీల్ బాటిల్. కొన్న నీళ్ల బాటిల్‌నే నెలల తరబడి నింపుకోవడం మంచిది కాదు, అందులో వేడి నీళ్లు అసలే పోయొద్దు.

స్టీలా, గాజా, ప్లాస్టిక్కా?

బయట తిప్పడానికి స్టెయిన్‌లెస్ స్టీల్ అన్నిటికన్నా అనువైనది. కింద పడితే సొట్ట పోతుంది గానీ పగలదు, వేడికీ పులుపుకీ తట్టుకుంటుంది, వాసన పట్టదు. పచ్చళ్లు ఎక్కువ రోజులు నిల్వ పెట్టడానికి మాత్రం గాజు సీసా, జాడీ మేలు. జామ్, కాఫీ పొడి ఖాళీ సీసాలు మసాలాలకు బాగా పనికొస్తాయి.

రాగి, ఇత్తడి సామానుకు లోపల కళాయి ఉంటేనే వంటకు వాడాలి. కళాయి పోయిన గిన్నెలో చింతపండు, నిమ్మకాయ, పెరుగు వేసినవి ఉంచితే లోహం వాటిలోకి దిగుతుంది. అల్యూమినియం గిన్నెలోనూ పులుపు నిల్వ పెట్టొద్దు.

ప్లాస్టిక్ డబ్బాలు ఇంట్లో ఉన్నాయని పారేయనక్కర లేదు. అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూడండి. 5 ఉంటే పాలీప్రొపిలీన్, ఇది కొంత వేడికి తట్టుకుంటుంది. 1, 3, 6 అంకెలున్న డబ్బాల్లో వేడివి వేయొద్దు. హలీం, బిర్యానీ పార్సిల్‌తో వచ్చిన డబ్బాలను పప్పులకు, పిల్లల పెన్సిళ్లకు, సూదులు దారాలకు వాడుకోవచ్చు. గీతలు పడి, రంగు మారిన ప్లాస్టిక్‌లో తినేవి పెట్టకపోవడమే మంచిది.

కడిగే పని ఎవరిది?

ఈ పద్ధతి చాలా ఇళ్లలో నిలబడకపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. సరుకు తెచ్చేది మగవాళ్లు, పిల్లలు. డబ్బా కడిగేది ఆడవాళ్లు. కవర్ అయితే పారేస్తే పోతుంది, డబ్బా అయితే ఇంకో అంటు గిన్నె పెరిగినట్టే. ఇంట్లో వంటకు, పిల్లలకు, బీడీల పనికి మధ్య తీరిక లేనివాళ్లకు ఇది అదనపు భారం. అందుకని ఒక మాట ముందే అనుకోవాలి. ఎవరు తెస్తే వాళ్లే ఖాళీ డబ్బాను నీళ్లతో తొలిచి పెట్టాలి. మాంసం తెచ్చిన అబ్బాయి ఆ డబ్బాను తానే సబ్బుతో కడిగితే ఇంట్లో ఎవరికీ గొణిగే అవసరం రాదు.

మాంసం డబ్బాను మొదట చల్లటి నీళ్లతో తొలిచి, తర్వాత వేడి నీళ్లు, సబ్బుతో కడిగి, ఎండలో బోర్లించాలి. ముందే వేడి నీళ్లు పోస్తే రక్తం గడ్డకట్టి అంటుకుంటుంది. మూతకు రబ్బరు రింగు ఉంటే దాన్ని తీసి కడగాలి. వాసన ఎక్కువగా అందులోనే ఉంటుంది.

ఎండాకాలంలో నీళ్ల కరువున్న ఇళ్లలో నల్లా కింద పెట్టి కడగకుండా మూడు బొచ్చెలు పెట్టుకోవచ్చు. ఒకదాంట్లో జిడ్డు, ఎంగిలి తీసేయడం, రెండోదాంట్లో సబ్బు, మూడోదాంట్లో మంచినీళ్లతో తొలవడం. సబ్బు లేని మొదటి నీళ్లు చెట్లకు పోయొచ్చు. కవర్లు మానేసి నీళ్లు వృథా చేస్తే ఒక ఇస్రాఫ్ పోయి ఇంకో ఇస్రాఫ్ వచ్చినట్టవుతుంది.

వండినది ఏ డబ్బాలో పెట్టినా రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు. ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదా బాగా వేడిగా ఉంచాలి. డబ్బా మంచిదైనంత మాత్రాన కూర పాడవకుండా ఉండదు.

దుకాణదారు ఒప్పుకోకపోతే?

మొదటి ఇబ్బంది తూకం దగ్గర వస్తుంది. డబ్బా బరువు కూడా కలిసిపోతుందని కొనేవాళ్లకు అనుమానం, లెక్క తప్పుతుందని అమ్మేవాళ్లకు చిరాకు. ఎలక్ట్రానిక్ కాంటాలో దీనికి ఉపాయం ఉంది. ఖాళీ డబ్బాను కాంటా మీద పెట్టి ‘టేర్’ బటన్ నొక్కితే అంకె సున్నాకు వస్తుంది. ఆ తర్వాత పడే బరువంతా సరుకుదే. పాత తరాజు అయితే ముందు పళ్లెంలో తూచి, తర్వాత డబ్బాలో వేయించుకోవాలి.

రెండోది రద్దీ. ఆదివారం పొద్దున మటన్ దుకాణం ముందు వరుస ఉన్నప్పుడు డబ్బా తెరిచి, మూసి ఇవ్వడానికి ఆలస్యమవుతుంది. మూత ముందే తీసి, డబ్బాను చేతికి అందించేలా నిలబడితే ఆ గొడవ ఉండదు. రోజూ వచ్చే గిరాకీ డబ్బా తెస్తే దుకాణదారుకు కూడా కవర్ల ఖర్చు మిగులుతుంది. ఆ మాట మర్యాదగా చెబితే చాలామంది కాదనరు.

దావత్, ఇఫ్తార్, ఖుర్బానీ

ఒక ఇల్లు ఏడాదంతా కవర్లు మానేసి, ఒక్క వలీమాలో అంతకన్నా ఎక్కువ చెత్త చేయవచ్చు. 500 మంది దావత్‌లో మనిషికి ఒక ప్లేటు, రెండు నీళ్ల గ్లాసులు, ఒక మీఠా కప్పు, ఒక చెంచా వేసుకుంటే 2,500 వస్తువులు. నీళ్ల బాటిళ్లు దీనికి అదనం. మరుసటి పొద్దున అవన్నీ ఫంక్షన్ హాల్ వెనకే ఉంటాయి.

దీనికి దగ్గర్లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. సిద్దిపేటలో ‘స్టీల్ బ్యాంక్’ పేరుతో ప్లేట్లు, గ్లాసులు, గిన్నెలు ఒకచోట పెట్టి, ఫంక్షన్ ఉన్నవాళ్లకు వాడుకోవడానికి ఇచ్చే ఏర్పాటు చేశారు. అక్కడి ఎమ్మెల్యే హరీశ్‌రావు దీన్ని బాగా ప్రోత్సహించారు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఇదే పద్ధతిని ‘బర్తన్ బ్యాంక్’ అంటారు. కేరళలో 2015 జాతీయ క్రీడలప్పుడు ‘గ్రీన్ ప్రోటోకాల్’ పేరుతో వాడి పారేసే వస్తువులను తగ్గించి, కడిగి వాడే ప్లేట్లు, గ్లాసులు పెట్టారు. తర్వాత ఆ పద్ధతి పెళ్లిళ్లకు, ఉత్సవాలకు కూడా పాకింది.

మల్యాల లాంటి ఊళ్లో దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. మస్జిద్ కమిటీ గానీ, మహిళా సంఘం గానీ 200 ప్లేట్లు, 200 గ్లాసులతో మొదలుపెట్టవచ్చు. ఇళ్లలో వాడకుండా పడి ఉన్న స్టీల్ ప్లేట్లు ఇచ్చేవాళ్లు ఇస్తే కొనాల్సినవి ఇంకా తగ్గుతాయి. సామాను నడపాలంటే మూడు ఏర్పాట్లు తప్పనిసరి: ఎన్ని తీసుకెళ్లారో రాసుకునే ఒక రిజిస్టర్, తిరిగి ఇచ్చాక వాపసు చేసే కొంత డిపాజిట్, కడిగేవాళ్లకు ఇచ్చే కూలీ. మూడోది మరిచిపోతే పని ఆగిపోతుంది. ఇద్దరికి నాలుగు రాళ్లు దొరికే పని కూడా ఇదే. బ్యాంక్ లేని ఊళ్లో టెంట్ హౌస్ నుంచి ప్లేట్లు, గ్లాసులు కిరాయికి తెచ్చుకోవచ్చు.

దస్తర్‌ఖాన్ పరిచి ఒకే తబక్‌లో నలుగురు కలిసి తినే పాత పద్ధతిలో వాడి పారేసే ప్లేటు అసలు అవసరమే రాదు. రంజాన్‌లో మస్జిద్ ఇఫ్తార్‌కు వచ్చేవాళ్లు ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకోవాలని జుమా రోజు ముందుగా చెబితే నెల రోజుల గ్లాసుల చెత్త తగ్గుతుంది.

బక్రీద్‌కు ఖుర్బానీ వాటాలు పంచేటప్పుడు ఒక్కో వాటాకు ఒక్కో నల్ల కవర్ పోతుంది. దాని బదులు పెద్ద మూత గంజులో వాటాలు పెట్టుకొని ఇంటింటికీ వెళ్లి, వాళ్ల గిన్నెలోనే వేసి రావచ్చు. తీసుకోవడానికి వచ్చేవాళ్లకు గిన్నె తెమ్మని ముందు రోజే చెప్పాలి. ఎవరైనా ఖాళీ చేతులతో వస్తే మాత్రం గిన్నె లేదని తిప్పి పంపొద్దు. మోదుగ ఆకుల విస్తరిలో చుట్టి ఇచ్చినా సరిపోతుంది. చర్మం, పేగులు, ఎముకలను కవర్లలో కట్టి మోరీలో వేయడం ఎట్టి పరిస్థితిలోనూ మంచిది కాదు. వాటిని పంచాయతీ చెప్పిన చోట గుంత తీసి పూడ్చాలి.

కొనే ముందు ఒక లెక్క

పర్యావరణం పేరుతో కొత్త సామాను కొనడం కూడా ఒక ఖర్చే, ఒక భారమే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, వాతావరణం మీద పడే భారం లెక్కలో ఒక పలుచటి కవర్ కన్నా మేలు చేయాలంటే కొత్త నూలు సంచిని 50 నుంచి 150 సార్లు వాడాలి. పత్తి పండించడానికి, నేయడానికి అంత నీరు, కరెంటు ఖర్చవుతాయి. పాత బట్టతో కుట్టిన సంచికి ఈ భారం ఉండదు.

డబ్బుల లెక్క కూడా ఇట్లాంటిదే. డబ్బా ధరను ఎన్నిసార్లు వాడతారో ఆ అంకెతో భాగించాలి. 300 రూపాయల డబ్బాను 300 సార్లు వాడితే ఒక్కోసారికి రూపాయి పడుతుంది. మూడుసార్లు వాడి సజ్జ ఎక్కిస్తే ఒక్కోసారికి 100 రూపాయలు. సజ్జ మీద ఇప్పటికే ఉన్న డబ్బాకు కొత్తగా పెట్టే ఖర్చు సున్నా.

ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నీ ఒకేసారి మార్చాలనుకుంటే వారంలో విసుగొస్తుంది. ముందు మాంసం డబ్బా ఒక్కటి, కూరగాయల సంచి ఒక్కటి చాలు. డబ్బా మీద పేరు చెక్కించండి, లేదా చెరగని రంగుతో రాయండి. సంచిని బండి డిక్కీలో పెట్టండి, డబ్బాను తలుపు పక్కన మేకుకు తగిలించిన సంచిలో ఉంచండి. ఇంట్లో లోపల అరలో పెడితే దుకాణం దాకా వెళ్లాకే గుర్తొస్తుంది.

నెల తర్వాత చెత్త బుట్టలో కవర్లు మళ్లీ లెక్క పెట్టండి. రోజుకు నాలుగు ఉన్నవి రెండుకు దిగితే, ఏడాదికి ఆ ఒక్క ఇంటి నుంచే 730 కవర్లు తగ్గినట్టు. అప్పుడు చాయ్ ఫ్లాస్క్, కిరాణా డబ్బాలు ఒక్కొక్కటిగా కిందికి దించుకోవచ్చు.